కొండెక్కిన రూపాయి

ఓడిన దేశాన్ని గెలిచిన సైన్యమే పాలించవలసి వచ్చినప్పుడు, ఆయుధాల లెక్క తేలిన వెంటనే తేల్చవలసినది నాణెం లెక్క. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సు సేనల అధీనంలో ఉన్న పశ్చిమ జర్మనీలో 1948 మార్చిలో కొత్త కేంద్ర బ్యాంకు ఒకటి వెలిసింది. అదే ఏడాది జూన్ 20న, అప్పటికే చిత్తుకాగితంతో సమానమైపోయిన పాత రైష్‌మార్కును తొలగించి డాయిష్‌మార్కును తెచ్చినప్పుడు, ధనికుడికీ పేదవాడికీ ఒకే తీరుగా తలకు 40 కొత్త మార్కుల చొప్పున తొలి విడతలో ఇచ్చారు. ఆక్రమిత జపానులో డెట్రాయిట్ బ్యాంకరు జోసెఫ్ డాడ్జ్ సలహాలు నడిచిన రోజుల్లో, 1949 ఏప్రిల్‌లో డాలరుకు 360 యెన్ల స్థిరమైన మారకపు రేటు ఏర్పడింది. తెలుగునాట చూస్తే, 1948 సెప్టెంబరులో హైదరాబాదును స్వాధీనం చేసుకున్న భారత సైన్యం చేతికి సొంత నాణెం, సొంత నోటు, సొంత బ్యాంకు ఉన్న ఒక రాజ్యం వచ్చింది. జనం చేతిలో చెల్లే డబ్బు ఉండాలి, దాన్ని దాచుకోవడానికీ అవసరానికి అప్పు తెచ్చుకోవడానికీ ఒక గడప ఉండాలి, ఆ తరువాతనే పన్ను అడగాలి అన్న నియమాన్ని ఈ మూడు చోట్లా గెలిచినవారు ఎంతో కొంత ఒప్పుకున్నారు. అరకు లోయ మొదలుకొని రంప దాకా పరచుకున్న తూర్పు కనుమల్లోకి కూడా రూపాయి సిపాయిల వెనుకే ఎక్కింది గాని, అక్కడ వరుస తలకిందులైంది: ముందు పన్ను అడిగేవాడు వచ్చాడు, వాడి వెంట అప్పిచ్చేవాడు వచ్చాడు, బ్యాంకు రావడానికి దరిదాపు నూటనలభై ఏళ్లు పట్టింది.

ఈ కొండలకు ఏజెన్సీ అన్న పేరే ఒక సైనిక చర్య మిగిల్చిన గుర్తు. 1830ల్లో పర్లాకిమిడి, విశాఖపట్నం, గుంసూరు ప్రాంతాల్లో వరుసగా చెలరేగిన తిరుగుబాట్లను అణచడానికి మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్‌ను ప్రత్యేక కమిషనరుగా సైన్యంతో పంపింది. ఆ తరువాత వచ్చిన 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచీ నిబంధనల నుంచీ తప్పించి, జిల్లా కలెక్టరునే గవర్నరుకు ఏజెంటుగా నియమించి సర్వాధికారాలనూ ఆయన చేతిలో పెట్టింది. ఏజెంటు ఏలుబడిలోని నేల గనుక అది ఏజెన్సీ అయింది. ఆ మాట నేటికీ అరకు, పాడేరు, చింతపల్లి వాసుల నోట నిలిచే ఉంది.

రూపాయి రాక ముందు ఈ కనుమల ఉత్తరపు అంచున గవ్వలు చెల్లేవి. ఒడియా దేశంలో 80 గవ్వలు ఒక పణం, 16 పణాలు ఒక కాహాణం. 1803లో మరాఠాల నుంచి ఆ దేశాన్ని గెలుచుకున్న ఈస్టిండియా కంపెనీ రూపాయికి నాలుగు కాహాణాలు, అంటే 5120 గవ్వలు అని రేటు కట్టి, కొద్ది ఏళ్లలోనే శిస్తును గవ్వల్లో కాక వెండి రూపాయల్లోనే చెల్లించాలని పట్టుబట్టింది. ప్రభుత్వమే పుచ్చుకోని నాణేన్ని బజారు ఎందుకు పుచ్చుకుంటుంది? గవ్వ విలువ పడిపోయింది. నిన్నటి రూపాయి కోసం నేడు మరిన్ని గవ్వలు పోయవలసి వచ్చింది. దానికి తోడు ఉప్పు మీద గుత్తాధిపత్యం, పాయికులనే సిపాయిల మాన్యాల స్వాధీనం కలిసి 1817 మార్చిలో ఖుర్దా పాయికుల తిరుగుబాటుగా పేలినప్పుడు, గుంసూరు కొండల నుంచి దిగివచ్చిన కోదులు తిరుగుబాటు నాయకుడు బక్షీ జగబంధు మనుషులతో చేరి బాణపురంలో సర్కారు కచేరీలపై పడి ఖజానాను దోచారు. ఆ కొండవాళ్ల కోపానికి ఖజానా గురి కావడం కాకతాళీయం కాదు. వారి చేతిలోని సొమ్ము విలువ ఎక్కడికి పోయిందో వారికి తెలుసు. చేతిలో ఏమీ లేనివాడిని తెలుగువాళ్లు ఈనాటికీ చిల్లిగవ్వ లేనివాడంటారు. గవ్వ చెల్లిన కాలంలో చిల్లుపడిన గవ్వ చెల్లేది కాదన్న జ్ఞాపకం ఆ మాటలో ఉండిపోయింది.

కనుమల లోపలికి పోయేకొద్దీ గవ్వ కంటే ఉప్పు బలమైన నాణెం. ఉప్పు కొండల్లో పుట్టదు, దాచుకోవచ్చు, విడదీసి కొలవవచ్చు, అందరికీ కావాలి. నాణెం నుంచి జనం ఆశించే గుణాలన్నీ దానికి ఉన్నాయి. తీరంలో పండిన ఉప్పును బంజారాలు, అంటే లంబాడీ సార్థవాహులు, ఎద్దుల మీద పెరికెలకెత్తి సాలూరు మీదుగా జయపురానికీ అక్కడి నుంచి బస్తరుకూ చేర్చేవారు. 1805 నుంచి మద్రాసు రాజధానిలో ఉప్పు సర్కారు గుత్త సరుకు కావడంతో, పన్ను వసూలుదారు మొహం ఎన్నడూ చూడని గదబ, పోర్జ కుటుంబం సైతం సంతలో గిద్దెడు ఉప్పు మార్చుకున్న ప్రతిసారీ కంపెనీకి పన్ను కట్టినట్టే అయింది.

ఆ సంత ఎలా నడిచేదో కొంచెం దగ్గరగా చూడవలసి ఉంది, ఎందుకంటే కొండల ఆర్థిక చరిత్ర చాలామట్టుకు కుంచం అంచు మీదనే జరిగింది. చింతపండు, అడ్డాకులు, కరక్కాయలు, కుంకుడుకాయలు, పిప్పళ్లు, తేనె, మైనం, వలిసెలు, పసుపు మోసుకుని ఆడా మగా కొండ దిగివచ్చేవారు. మైదానం నుంచి వచ్చిన వర్తకుడు ఉప్పు, ఎండు చేపలు, గుడ్డ, పూసలు, పొగాకు పరిచేవాడు. వలిసెలు కొలిచేటప్పుడు కుంచం అంచు దాటి గోపురంలా నిలిచేదాకా పోయించుకోవడం, బదులుగా ఉప్పు ఇచ్చేటప్పుడు అదే కుంచాన్ని అంచుకు సమంగా అరచేత్తో రాసి ఇవ్వడం ఈ వర్తకంలోని మొదటి మెలకువ. తెలుగు కొలగాడు మొదటి కుంచాన్ని ఒకటి అనడు, శుభం కోరి లాభం అంటాడు. రెండవదాని నుంచి అంకెలు మొదలవుతాయి. ఆ లాభం లెక్కలో చేరిందో లేదో తెలుగు సరిగా రాని కోదుకు తెలిసే వీలు లేదు. వెండి రూపాయి ఈ బేరంలో ఎక్కడా చేతులు మారకపోయినా వర్తకుడి పద్దు పుస్తకంలో ఉప్పూ, చింతపండూ, గుడ్డా అన్నీ రూపాయలుగానే ఎక్కేవి. కొండవాడికి రూపాయి ఇలా మొదట తాను చదవలేని రాతగానే పరిచయమైంది.

మైదానంలో అప్పటికి నాణేల గందరగోళం సర్దుకుంటున్నది. వరహాలు, పణాలు, కాసులతో నడిచిన మద్రాసు రాజధానిలో 1818లో నూరు వరహాలకు 350 రూపాయల చొప్పున రూపాయి ప్రమాణమైంది. 1835లో కంపెనీ ఏలిన భూభాగమంతటికీ 180 గ్రెయిన్ల తూకం గల ఒకే వెండి రూపాయి వచ్చింది. అయితే కొండల్లో ఆ రూపాయి పైనుంచి కిందికి ప్రవహించలేదు, కిందినుంచి పైకి పీల్చబడింది. కొన్ని గూడేల కూటమి ముఠా. దాని పెద్ద ముఠాదారు. కొన్ని ముఠాల మీద మన్సబుదారు గాని జమీందారు గాని ఉండేవాడు. ఒక్కొక్కరూ తమ పై వారికి ఏటా ఇంత అని కట్టే స్థిరమైన స్వల్ప శిస్తుకు కట్టుబడి అని పేరు. ఆ కట్టుబడి రొక్కంగా చెల్లాలి. కొండమీద రొక్కం పుట్టదు కాబట్టి ముఠాదారు రైతు మీద పడేవాడు, రైతు సంతలో వర్తకుడి కాళ్లమీద పడేవాడు. 1863లో జయపురం సంస్థానంలో బ్రిటిషు అధికారులు నేరుగా మకాం పెట్టి పోలీసు ఠాణాలు నిలిపాక వర్తకుడికి ప్రాణభయం తగ్గింది, దారులు తెరుచుకున్నాయి, సంతలు పెరిగాయి. వాటితో పాటే పద్దులూ పెరిగాయి.

ఈ ఏర్పాటు ఎంత పెళుసైనదో 1879లో రంప చూపింది. గోదావరి జిల్లా కొండల్లోని రంప దేశాన్ని ఏలిన మన్సబుదారు, తాటి, జీలుగు చెట్ల కల్లు మీద చిగురుపన్ను పేరిట వసూళ్లు సాగించాడు. చెట్టు నుంచి కల్లు దించుకోవడం కొండవాడికి గాలి పీల్చడం వంటిది. సర్కారు కొత్త ఆబ్కారీ విధానం ఆ హక్కును కూడా గుత్తదారు చేతికిచ్చింది. పోలీసుల పీడన సరేసరి. వీటన్నింటి కింద మండుతూ ఉన్నది మాత్రం అప్పు. మైదానపు వర్తకులు కొండవాళ్ల చేత రాయించుకున్న కాగితాలతో దూరాన ఉన్న సివిలు కోర్టుకు వెళ్లి, ప్రతివాది హాజరు కాలేదన్న కారణంతో ఏకపక్షపు డిక్రీలు పొంది, ఆ డిక్రీ కింద బాకీకి ఎన్నో రెట్ల విలువ గల పశువులనూ పంటనూ జప్తు చేయించి తోలుకుపోయేవారు. సమను వచ్చిన సంగతి, వస్తే దాని అర్థం, వెళ్లకపోతే కలిగే నష్టం ఏదీ తెలియని మనిషికి కోర్టు అమీనా బందిపోటు కంటే వేరుగా కనిపించడానికి కారణం లేదు. 1879 మార్చిలో మొదలైన పితూరీ భద్రాచలం, గొలుగొండ కొండలకు పాకింది. దాన్ని అణచడానికి జిల్లాల నుంచి తెచ్చిన వందలాది పోలీసులతో పాటు మద్రాసు పదాతి దళాలనూ, మందుపాతరల పనివాళ్లనూ, హైదరాబాదు కంటింజెంటు నుంచి పటాలాన్నీ దించవలసి వచ్చింది. పితూరీ నాయకుడు ద్వారబంధాల చంద్రయ్య 1880 ఫిబ్రవరిలో హతుడయ్యాక కూడా ఆ ఏడాది చివరిదాకా కొండలు కుదుటపడలేదు.

అణచివేత తరువాత వచ్చిన పునర్నిర్మాణం గమనించదగ్గది. మన్సబుదారును తొలగించారు, ముఠాదారులకు ప్రభుత్వమే నేరుగా సన్నదులిచ్చి తక్కువ కట్టుబడి నిర్ణయించింది, చిగురుపన్ను ఎత్తివేసింది, రంపను కూడా ఏజెన్సీ కింద చేర్చి సివిలు తగాదాలను ఏజెంటుకూ ఆయన కింది అధికారులకూ అప్పగించింది. పన్ను యంత్రంలో చెడిపోయిన భాగాలన్నింటినీ శ్రద్ధగా మార్చిన ఆ అధికారులు పరపతి మార్గం గురించి, అంటే పంటకు ముందు ఆకలి నెలల్లో కొండవాడు ఎవరి దగ్గర చేయి చాచాలన్న ప్రశ్న గురించి, ఒక్క ఏర్పాటూ చేయలేదు. డిక్రీ పుచ్చుకునే దారిని ఇరుకు చేసి, అప్పు పుచ్చుకునే అవసరాన్ని యథాతథంగా వదిలేశారు. పైపెచ్చు 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కింద రిజర్వు అడవులు ఏర్పడి, చెట్లు నరికి కాల్చి రెండు మూడేళ్లు పండించి మరో చోటికి మారే పోడు సాగుకు హద్దులు పడటంతో ఆ అవసరం మరింత పెరిగింది.

ఆ ఖాళీలో నిలబడినవాడు షావుకారు. మైదానపు కోమటి గాని, ఒడియా దేశం నుంచి వచ్చి సారా అమ్మే సొండి గాని, చిన్న ఉద్యోగి గాని ఎవరైనా కావచ్చు. అతడే కొండకు బ్యాంకు, ఖజానా, మారక కేంద్రం. ఆషాఢ శ్రావణాల్లో ఇంట్లో గింజ నిండుకున్నప్పుడు ధాన్యమిచ్చి పంటకాలంలో ఎక్కువ ధాన్యంగా కొలుచుకునే నాగు అతడి మొదటి వ్యాపారం. తిండిగింజకు ధర ఎక్కువగా ఉన్న నెలలో రూపాయల్లో కట్టి, ధర పడిపోయిన పుష్యమాసంలో గింజల్లో వసూలు చేయడం వల్ల పైకి చెప్పిన వడ్డీ కంటే దాగిన వడ్డీయే పెద్దది. కేంద్ర బ్యాంకు ఏదీ లేని చోట నాణెం విలువను ఏ నెలలో ఎంతకు నిలపాలో నిర్ణయించే అధికారం షావుకారు కుంచానికి దక్కింది.

పెళ్లికి ఓలి కట్టాలన్నా, కులపంచాయతీ వేసిన తప్పు చెల్లించాలన్నా, కట్టుబడి బాకీ తీర్చాలన్నా రొక్కం కావలసినప్పుడు తాకట్టు పెట్టడానికి కొండవాడి దగ్గర ఉన్నది తన ఒళ్లు ఒక్కటే. జయపురం, విశాఖ ఏజెన్సీలలో దీన్ని గోతి అన్నారు. అప్పు తీరేదాకా షావుకారు పొలంలో, పశువుల దగ్గర పనిచేయాలి. పెట్టే తిండి, ఏడాదికొక గుడ్డ కూడా మళ్లీ పద్దులో ఎక్కుతాయి. చేసిన పని వడ్డీకి సరి, అసలు అలాగే ఉంటుంది. తండ్రి పోతే కొడుకు కాడి కిందికి వస్తాడు. గోతి ఒడియా మాటే గాని, తెలుగు చెవికి గోతిలో పడటమే వినిపిస్తుంది, ఆ వినికిడిలో తప్పేమీ లేదు. ఇందులో తీవ్రమైన విషయం ఏమంటే నాణెం లేని చోట మనిషి పనిదినమే నాణెమైంది, ఆ నాణేన్ని ముద్రించేది ఒకరు, ఖర్చు పెట్టేది మరొకరు.

1917 నాటి ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం ఈ వ్యవహారంలోకి ప్రభుత్వం వేసిన మొదటి సూటి అడుగు. కొండజాతి మనిషి మీద ఏటా నూటికి 24 రూపాయలు, వాడుకభాషలో నూటికి రెండు రూపాయల వడ్డీ, దానికి మించి చెల్లదని, చక్రవడ్డీ అసలే కూడదని, మొత్తం వడ్డీ అసలును దాటరాదని ఆ చట్టం శాసించింది. చివరి షరతు ధర్మశాస్త్రాల నుంచి వచ్చి దామ్‌దుపట్‌గా పేరుపడిన పాత సూత్రమే. ఏజెంటు అనుమతి లేకుండా కొండవాడి భూమి ఇతరులకు బదిలీ కాకూడదన్నది రెండవ భాగం. మాటలో ఇది మంచి చట్టం. అయితే వడ్డీకి హద్దు గీసిన చట్టం ఆ హద్దు లోపల అప్పిచ్చే మనిషిని ఎవరినీ చూపలేదు. పద్దు రాసేది షావుకారే కాబట్టి ఏది అసలో ఏది వడ్డీయో రాసేదీ అతడే అయ్యాడు. ఇరవై రూపాయలిచ్చి నలభై అని రాసుకున్నవాడికి 24 శాతం హద్దు ఏ అడ్డూ కాదు.

ఆ చట్టం వచ్చిన అయిదేళ్లకే అల్లూరి సీతారామరాజు పోరాటం మొదలైంది. దాని కారణాల చర్చ అడవి హక్కుల దగ్గర, గూడెం తాలూకాలో రోడ్డు పని చేయించి కూలి ఎగవేసిన అధికారుల దగ్గర సాధారణంగా ఆగుతుంది; ఈ రెండూ రొక్కానికి సంబంధించినవేనని అంతగా గుర్తించరు. పోడు మూసి కూలికి తోలిన ప్రభుత్వం ఆ కూలి డబ్బును కూడా కొండవాడి చేతిలో పెట్టలేకపోయింది. 1922 ఆగస్టు 22 నుంచి వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడులు జరిగాయి. మలబారు ప్రత్యేక పోలీసులు, తరువాత అస్సాం రైఫిల్స్ వచ్చి దిగాయి. గూడేలకు తిండిగింజలు పోకుండా దారులు కట్టడి చేశారు. రాజు తలకు పదివేల రూపాయలు, ఆయన అనుచరులు గంటందొర, మల్లుదొరల తలలకు వెయ్యేసి రూపాయలు వెల కట్టారు. ఏజెన్సీలో మనిషికి వెల కట్టడం కొత్త కాదు, అంత పెద్ద మొత్తం మాత్రం కొత్త. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపాక సేనలు తిరిగిపోయాయి, ముఠాదారులు మిగిలారు, షావుకారు పద్దు మిగిలింది. గోతి మీద చట్టం చేయడానికి ప్రభుత్వానికి మరో పదహారేళ్లు పట్టింది. 1940 నాటి మద్రాసు రుణదాస్య రద్దు నిబంధన కాగితం మీద చాలా గట్టిది, దాన్ని చేతపట్టుకుని గూడేనికి వెళ్లగల అధికారులే తక్కువ.

ఇదే కనుమల పడమటి అంచున, గోదావరి రెండు ఒడ్లా రెండు రూపాయలు చెల్లేవి. ఈవల భద్రాచలం మద్రాసు రాజధానిది, అక్కడ కల్దార్ అని పిలిచిన బ్రిటిషు రూపాయి. ఆవల బూర్గంపహాడు, పాల్వంచ నిజాముది, అక్కడ చార్మినారు బొమ్మ గల ఉస్మానియా సిక్కా, వాడుకలో హాలీ. ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయలు, అంటే నూటికి 116 రూపాయల 10 అణాల 8 పైలు అన్నది సర్కారు రేటు. పడవ దాటే కోయ మనిషికి ఆ భిన్నం ఎవరు విడమరిచి చెప్పాలి? ఏడుకు ఆరు అన్న లెక్క తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య ఉన్న తేడా వర్తకుడికి ఏరు దాటకుండానే వచ్చిన ఆదాయం.

హైదరాబాదు 1918 నుంచి సొంత నోట్లు వేసుకుంది. 1942 ఏప్రిల్ 5న హైదరాబాదు స్టేట్ బ్యాంకు తలుపులు తెరిచి ఉస్మానియా సిక్కా నిర్వహణ కూడా చేపట్టింది. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకున్న నిజాం ప్రభుత్వం ఆపైన భారత రూపాయి చెలామణీని కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చి, భారత ప్రభుత్వపు పత్రాల రూపంలో పాకిస్తానుకు 20 కోట్ల రూపాయల రుణమిచ్చింది. విలీనపు తగాదాలో ఈ రెండూ పెద్ద ఫిర్యాదులయ్యాయి. 1948 సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య అయిదు రోజుల్లో ముగిసింది. సైనిక గవర్నరు చౌధురి ప్రభుత్వం మరుసటి ఏడాది జాగీర్లను రద్దు చేసింది గాని, హాలీ రూపాయిని ఒక్క దెబ్బతో రద్దు చేసే పొరపాటు చేయలేదు. ఏడుకు ఆరు అన్న నిష్పత్తి చెక్కుచెదరకుండా ఉంచింది; తరువాతి ప్రభుత్వాలు 1950లో సంస్థానపు ఆర్థిక వ్యవహారాలు కేంద్రంలో కలిసిపోయాక, జీతాలూ ఖాతాలూ మెల్లగా మార్చుకుంటూ, 1950 దశకం పొడుగునా పాత నోట్లనూ నాణేలనూ వెనక్కి తీసుకుని 1959 నాటికి ఆ అధ్యాయాన్ని మూశాయి. బ్యాంకు కూలలేదు, 1956లో రిజర్వు బ్యాంకు అధీనంలో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదుగా పేరు మార్చుకుని 2017 దాకా బతికింది. పట్టణపు ఖాతాదారు పట్ల చూపిన ఈ ఓపికను మెచ్చుకోక తప్పదు. ఆ ఓపికను మొదలుపెట్టిన సైనిక ప్రభుత్వమే తన ఏలుబడిలో ములుగు, పాల్వంచ అడవుల్లో కమ్యూనిస్టు దళాల వేటలో కోయ గూడేలను ఖాళీ చేయించి రోడ్ల పక్క శిబిరాలకు చేర్చింది. అంతకు కొద్ది ఏళ్ల ముందే మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ సలహాతో హైదరాబాదు గిరిజన ప్రాంతాల్లో ధాన్యం బ్యాంకులు పుట్టాయి. ఊరు ఉమ్మడిగా గింజ నిల్వ చేసుకుని, ఆకలి నెలల్లో తీసుకున్నవాడు పంటకు కొద్దిపాటి అదనంతో తిరిగి పోసే పద్ధతి అది. నోటు లేకుండా నడిచిన ఆ గాదె, కొండ పరపతి సమస్యను సరైన చోట పట్టుకున్న తొలి ప్రయత్నమని చెప్పవచ్చు.

విశాఖ కొండల వైపు ఆ పని 1956లో మొదలైంది. ఆంధ్ర షెడ్యూల్డు తెగల సహకార ఆర్థిక, అభివృద్ధి సంస్థ పేరిట విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడి తరువాత గిరిజన సహకార సంస్థగా మారినదే జనం నోట జీసీసీ. అటవీ ఫలసాయం కొనడం, డి.ఆర్. అనే నిత్యావసరాల డిపోలలో ఉప్పు, కిరసనాయిలు, బియ్యం సరసమైన ధరకు అమ్మడం, పంట అప్పు ఇవ్వడం అనే మూడు పనులనూ అది ఒకే గొడుగు కిందికి తెచ్చింది. షావుకారు కొనేవాడూ అమ్మేవాడూ అప్పిచ్చేవాడూ తానే అయినందువల్ల గెలిచాడు. సంస్థ అతడి మూడు కుర్చీల్లోనూ కూర్చోవడానికి ప్రయత్నించింది. 1959లో భూబదిలీ నిబంధన, 1960లో వడ్డీ వ్యాపారులకు లైసెన్సు తప్పనిసరి చేసే నిబంధన, రుణ విముక్తి నిబంధన వెంట వెంట వచ్చాయి. అయితే సంస్థ డిపోకు పని వేళలు ఉన్నాయి, ఓలి కట్టడానికీ చావు ఖర్చుకూ అప్పిచ్చే వీలు దానికి లేదు. షావుకారు అర్ధరాత్రి తలుపు తట్టినా లేస్తాడు. చెడ్డ అప్పు దొరికే చోట మంచి చట్టం ఓడిపోవడానికి తరచు ఇంతకంటే పెద్ద కారణం ఉండదు.

ఆ ఓటమి ఎంతటిదో 1967 నుంచి శ్రీకాకుళం కొండల్లో తేలింది. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం నడిపిన సవర, జాతాపు రైతుల ఉద్యమం 1968 నవంబరులో సాయుధ రూపం తీసుకున్న రోజుల్లో పెదగొట్టిలిలో ఒక వడ్డీ వ్యాపారి ఇంటిపై పడ్డ జనం ధాన్యం పంచుకుని అప్పు కాగితాలు తగలబెట్టారు. బాణపురంలో ఖజానా, పెదగొట్టిలిలో ప్రామిసరీ నోటు. నూటయాభై ఏళ్ల ఎడంలో కొండవాడి కోపం ఒకే వస్తువును రెండు రూపాల్లో గుర్తుపట్టింది. 1970 జూలైలో నాయకులిద్దరూ హతులయ్యారు, ప్రత్యేక పోలీసు శిబిరాలు కొండల్లో ఏళ్లపాటు నిలిచాయి. ఈసారి మాత్రం సర్కారు పని పన్ను దగ్గర ఆగలేదు. 1969లో ముఠాదారీని రద్దు చేసి రైత్వారీకి మార్చారు. ఒకటి బై డెబ్బై అని ఏజెన్సీ అంతటా పేరుపడిన 1970 నాటి మొదటి నిబంధన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా గట్టి కంచె వేసింది. అదే ఏడు రుణ విముక్తి నిబంధన మళ్లీ వచ్చింది. 1976లో శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు పుట్టింది. 1979లో అటవీ ఫలసాయపు కొనుగోలు హక్కు పూర్తిగా గిరిజన సహకార సంస్థదే అయింది. రస్సెల్ సేనల కాలం నుంచి లెక్కిస్తే బ్యాంకు కొండ అంచుకు చేరడానికి నూటనలభై ఏళ్లు పట్టింది.

అరకుకు జపానుతో ఒక వింత బంధుత్వం కూడా ఆ కాలంలోనే ఏర్పడింది. ఆక్రమణ కాలంలో యెన్ కుదుటపడి ఉక్కు కర్మాగారాలు మళ్లీ లేచిన జపాను 1960లో బైలదిల్లా ఇనుప ఖనిజం కొనడానికి ఒప్పందం చేసుకోవడం వల్లనే, కొత్తవలస నుంచి కిరండూలు దాకా యాభైకి పైగా సొరంగాలు తొలిచి వేసిన రైలుమార్గం 1960ల చివరికి అరకు లోయ మీదుగా నడిచింది. ఖనిజం ఆ దారిన దిగింది, పర్యాటకులు ఆ దారిన ఎక్కారు. కొండ కూలీకి వారం వారం నోట్లు లెక్కపెట్టి ఇచ్చే పని తొలిసారి పెద్ద ఎత్తున చూపింది కూడా ఆ మార్గమే.

నిజాం ప్రభుత్వం 1948 సెప్టెంబరులో లండన్ బ్యాంకులోని తన ఖాతా నుంచి పాకిస్తాను హైకమిషనరు ఖాతాకు మళ్లించిన పది లక్షల ఏడు వేల 940 పౌండ్ల 9 షిల్లింగుల సొమ్ము ఎవరిదన్న తగాదాను 71 ఏళ్ల తరువాత, 2019 అక్టోబరు 2న, ఇంగ్లండు హైకోర్టు తేల్చింది. అప్పటికి వడ్డీతో అది సుమారు మూడున్నర కోట్ల పౌండ్లయి భారత ప్రభుత్వానికీ నిజాం వారసులకూ దక్కింది. కొండవాడి బాకీకి మాత్రం అలాంటి లెక్క తేలలేదు: కొండల్లో గోతికి చివరి సమాధానమైన 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం మనిషిని విడిపించింది, అప్పును కొట్టివేసింది, జప్తయిన ఆస్తిని తిరిగి ఇవ్వమన్నది. గడిచిన ఏళ్ల చాకిరీకి కూలి కట్టి వడ్డీతో ఇప్పించే సెక్షను అందులో లేదు.